తడి బరువు

మామిడి టెంకలో పదో వంతు కొవ్వు ఉంటుందని నమ్మాను. నమ్మి ఊరుకోకుండా మా ఊరి పొదుపు సంఘం చేత నమ్మించాను, మా అక్క కుటుంబం చేత నమ్మించాను. నేను చదివిన పుస్తకంలో ఆ మాట అలా లేదు. టెంక పగలగొడితే లోపల దొరికే జీడిలో, అదీ పూర్తిగా ఎండబెట్టాక తూచిన బరువులో, సుమారు పదో వంతు కొవ్వు ఉంటుందని అక్కడ స్పష్టంగా ఉంది. నేను జీడిని వదిలేసి టెంకను పట్టుకున్నాను, ఎండు బరువును వదిలేసి బరువును పట్టుకున్నాను. ఉద్యోగమంతా ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పినవాణ్ని. అంకె పక్కన అది దేని బరువో, ఎంత తడితో తూచారో రాయనిదే మార్కు వేయనని పట్టుబట్టినవాణ్ని. నా లెక్కలో మాత్రం ఆ రెండూ రాసుకోలేదు.

అప్పుడు నేను వేసిన లెక్క ఇది. టన్ను తోతాపురి కాయ గుజ్జు ఆడితే సుమారు 150 కిలోల టెంక వస్తుంది. అందులో పదో వంతు, 15 కిలోల కొవ్వు. చాక్లెట్‌లో కోకో వెన్నకు తోడుగా వాడుకోదగిన కొవ్వు అది. యూరోపియన్ యూనియన్ 2000లో చేసిన చాక్లెట్ ఆదేశంలో అలాంటి ఆరు కొవ్వులకు, చాక్లెట్‌లో 5 శాతం దాటకుండా, అనుమతి ఉంది. పామ్, షియా, కోకం, సాల గింజ, ఇల్లిపేతో పాటు ఆ ఆరింటిలో మన మామిడి జీడి కొవ్వూ ఉంది. సబ్బులకు, చర్మానికి రాసుకునే క్రీములకు కూడా అది పోతుంది. గదిలో గట్టిగా ఉండి ఒంటి వేడికి కరిగే గుణం దానికి ఉంది. ఇదంతా నిజం. తప్పల్లా ఆ పదిహేను దగ్గరే ఉంది.

సరైన లెక్క వేస్తే 150 కిలోల టెంకలో సగమే జీడి. మిగతా సగం చెక్కలాంటి పెంకు, పీచు. ఆ 75 కిలోల పచ్చి జీడిలో దాదాపు సగం నీరు. ఎండితే 38 కిలోల లోపు మిగులుతుంది. దాంట్లో పదో వంతంటే నాలుగు కిలోలు కూడా కాదు. పదిహేను అనుకున్న చోట నాలుగు లేదు. సంఘం సభ్యుల ముందు, బల్ల మీద కాగితం పెట్టి, పదిహేను అని రాసి దాని చుట్టూ సున్నా చుట్టింది నేనే.

ఆ పదిహేను నిజం కావాలని ఎందుకంత గట్టిగా కోరుకున్నానో చెప్పాలి. 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తోతాపురి రైతు పడిన అవస్థ ఇక్కడి వాళ్లెవరూ మరిచిపోరు. కాపు విరగకాసింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు కాయల ట్రాక్టర్లు, లారీలు బారులు తీరి నిలబడ్డాయి. ఎండకు కాయ మగ్గి, లోడులోనే రసం కారింది. ప్రభుత్వం కిలోకు 12 రూపాయలని ప్రకటించి, అందులో 4 రూపాయలు తానిస్తానంది. మిగతా 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలంది. ఆ 8 కూడా చేతికి రాని రైతులు చాలామంది. మా అక్కావాళ్ల తోట కోత కూలికి కూడా సరిపోలేదు. బంగారుపాళ్యం యార్డు నుంచి వెనక్కి వచ్చిన రోజు మా బావ ఎవరితోనూ మాట్లాడలేదు.

పది కిలోల కాయలో రెండు మూడు కిలోలు ఎవరికీ అక్కర్లేని తొక్కగా, టెంకగా ఫ్యాక్టరీ వెనక్కి పోతున్నాయి కదా, వాటికి వెల కట్టగలిగితే రైతు కిలో కాయ మీద ఇంకో రూపాయి కలుస్తుందని నాకు తోచింది. కిలోకు రూపాయంటే టన్నుకు వెయ్యి రూపాయలు. పదిహేను కిలోల కొవ్వయితే కిలో మీద అన్ని ఖర్చులూ పోను డెబ్బై రూపాయలు మిగిలితే చాలు. నాలుగు కిలోల లోపయితే కిలోకు రెండొందల యాభైకి పైగా మిగలాలి. ఆ తేడా ఎంతటిదో గుణకారం వచ్చిన ఏ పిల్లవాడైనా చెబుతాడు. అప్పుడు నా మనసంతా మా బావ ముఖం మీదే ఉంది, కాగితం మీద లేదు. దయ ఉన్నంత మాత్రాన లెక్క సరి చూసుకునే బాధ్యత తప్పదు.

ఫ్యాక్టరీలో పని ఎలా సాగుతుందో కొంచెం చెబితే నా రెండో తెలివితక్కువతనం అర్థమవుతుంది. మాగిన కాయను కడిగి, కుళ్లింది ఏరేసి, తొడిమ దగ్గర కోసి యంత్రంలోకి వదులుతారు. ఒక యంత్రం టెంకను విడదీస్తుంది. తరువాతి జల్లెడలు తొక్కనూ పీచునూ ఆపి గుజ్జును కిందికి వదులుతాయి. ఆ గుజ్జును వేడి చేసి, చల్లార్చి, గాలి తగలకుండా సంచుల్లో నింపి, సుమారు 215 కిలోల డ్రమ్ముల్లో పెడతారు. మన దేశంలో మామిడి జ్యూస్ పేరుతో సీసాల్లో దొరికే వాటిలో చాలావాటికి వాడేది ఈ గుజ్జే. గుజ్జు చుట్టూ ఇంత శుభ్రత. తొక్క, టెంక మాత్రం వేర్వేరుగా బయటికి వచ్చినా ఒకే బెల్టు మీద పడి, ఒకే ట్రాక్టర్‌లోకి, ఒకే గుట్టలోకి పోతాయి. గుట్ట చేరిన కాసేపటికే ఈగలు ముసురుతాయి. మర్నాటికి పులిసిన వాసన ఊరిదాకా వస్తుంది. వాన పడితే నల్లటి నీళ్లు వంకలోకి దిగుతాయి.

ఫ్యాక్టరీలో షిఫ్టు చూసే మా మేనల్లుడు నాకు మొదటి రోజే చెప్పాడు. “మామా, ఇది రేపటిదాకా ఉండే సరుకు కాదు. మాపటికే పులుస్తాది.” నేను సరే నాయనా అని తలూపి, సంఘం వాళ్లు వీలున్నప్పుడు వచ్చి గుట్టలోంచి టెంకలు ఏరుకుంటారని చెప్పాను. వీలున్నప్పుడు అన్న ఆ మాటలోనే మా నష్టమంతా ఉంది. తొక్కతో కలిసి ఒక రాత్రి గుట్టలో పడి ఉన్న టెంక, యంత్రంలోంచి అప్పుడే బయటపడ్డ టెంక ఒకటి కావు. తడీ, తీపీ, వేడీ మూడూ ఉన్న చోట బూజు ఆలస్యం చేయదు. జీడిలోని కొవ్వు కూడా తడిలో విడిపోయి పులుపెక్కుతుంది. అలాంటి కొవ్వుకు శుద్ధి చేసేవాళ్లు ధర కోస్తారు, లేదంటే అసలే తీసుకోరు.

సంఘంలో మహిళలు టెంకలు ఒలవడానికి కూర్చున్నారు. పచ్చి టెంక పీచుతో జారుతుంది, సుత్తి దెబ్బకు లొంగదు. బాగా ఎండితేనే అంచు దగ్గర పగులుతుంది. ఎండబెడదామంటే జూన్ నెలాఖరు. ఆషాఢం ముసురు మొదలైంది. పట్టలు కప్పడం, తీయడం, మళ్లీ కప్పడం. కాయ సొన తగిలి కొందరి చేతులు పొక్కాయి. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం చెట్లు. వాటి సొనలో చర్మాన్ని కాల్చే గుణం ఉంటుందని పాఠంలో చెప్పినవాణ్నే. చేతి తొడుగులు కొనాలన్న ఆలోచన నాకు రాలేదు. వాళ్లకు కూలి ఇవ్వలేదు కూడా. అమ్మాక వాటా అన్నాను. ఎండిన జీడి కిలోకు ఇంత వస్తుందని నేను చెప్పిన మాట మీద, సంఘం తీసుకున్న అప్పులోంచి గోతాలకూ పట్టలకూ ట్రాక్టర్ బాడుగకూ డబ్బు పెట్టారు.

ఊళ్లో నా మాటకు విలువ ఉంది. లెక్క సరిచూడాల్సిన చోట ఆ విలువను అడ్డం పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు నిద్ర పట్టనిది ఇదే. “ఎండాక ఎంతవుతాది సారూ?” అని ఒకామె మొదటి సమావేశంలోనే అడిగింది. వేరుశనక్కాయ పచ్చిగా తూచి, ఎండాక తూచి అమ్మినామె ఆమె. ప్రశ్న సరిగ్గా ఎక్కడ వేయాలో అక్కడే వేసింది. కొంచెం తరుగు పోతుందిలేమ్మా అన్నాను. ఆ తరువాత ఎవరూ ఏమీ అడగలేదు.

సగం ఎండిన జీడిని గోతాల్లో కట్టి పాత పాఠశాల గదిలో పెట్టాం. గోతం విప్పి చూస్తే పచ్చగా, నల్లగా బూజు. దాన్ని గోకేసి, మళ్లీ ఎండబెట్టి అమ్మేద్దామన్న ఆలోచన నాకు వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవడం కష్టంగా ఉంది, అయినా రాయాలి. రాయలసీమవాణ్ని, వేరుశనగకు పట్టే బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుందని, అది కాలేయాన్ని దెబ్బతీస్తుందని, గోకినా వేయించినా పూర్తిగా పోదని నాకు తెలుసు. మామిడి జీడికీ అదే బూజు పడుతుంది. 2001లో ఒడిశాలోని రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో మామిడి జీడి అంబలి తాగిన ఆదివాసులు చనిపోయారు. అవి ఆకలి చావులా, విషాహారం చావులా అని దేశమంతా వాదించుకుంది. వానాకాలం చివర ఇంట్లో గింజ నిండుకున్నప్పుడు తినేది ఆ జీడినే గనక, నా మటుకు ఆ రెండూ వేరు కావు. 2024 చివర్లో కంధమాల్ జిల్లాలోనూ అదే అంబలి తాగి మహిళలు ప్రాణాలు కోల్పోయారు.

మన మన్యంలోనూ టెంకపిండి అంబలి తరతరాలుగా ఉంది. అక్కడివాళ్లు జీడిని ఎండబెట్టి, వగరు పోయేదాకా నీటిలో నానబెట్టి, మళ్లీ ఎండబెట్టి దంచుకుంటారు. ఎన్నో చేతులు మారి నిలబడిన శాస్త్రం అది. దాంట్లో అన్నింటికన్నా పెద్ద నియమం తడి ఉండగా దాచకపోవడం. నేను రసాయన ఫార్ములాలు పట్టుకుని ఆ ఒక్క నియమాన్ని దాటేశాను.

ఒకామె ఆ జీడిని ఆవులకు పెట్టుకుంటానంది. వద్దన్నాను. అది తిన్న ఆవు పాలలోకి కూడా విషం దిగుతుందని చెప్పాను. గోతాలన్నీ ఊరి బయట తగలబెట్టాం. తగలబెడుతున్నప్పుడు సంఘం వాళ్లంతా అక్కడే ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ నన్ను మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

కొన్ని గోతాలు బాగా ఎండినవి మిగిలాయి. వాటిని నూనె గానుగకు తీసుకెళ్లాను. అక్కడ తెలిసింది మూడో సంగతి. వేరుశనగలో దాదాపు సగం నూనె ఉంటుంది కనుక గానుగ దాన్ని పిండగలదు. పది శాతం కొవ్వున్న జీడిని గానుగలో వేస్తే వచ్చేదానికన్నా చెక్కలో మిగిలిపోయేదే ఎక్కువ. తవుడు నూనె తీసినట్టు హెక్సేన్ ద్రావణితో తీయాల్సిందే. అలాంటి సాల్వెంట్ మిల్లులు మన దేశంలో ఉన్నాయి, సాల గింజతో పాటు మామిడి జీడినీ ఆడతాయి. కానీ వాటికి కావలసింది లారీల లెక్కన, ఒకే తీరుగా ఎండిన, పులుపెక్కని జీడి. మా చేతిలో ఉన్నవి కొన్ని గోతాలు.

తొక్క సంగతి ఇంకొకటి. టెంకలో పోయిన పరువు తొక్కలో తెచ్చుకోవాలనుకున్నాను. మామిడి తొక్కలో పెక్టిన్ ఉంటుంది. జామ్‌ను గడ్డకట్టించే పదార్థం అది. లోకంలో పెక్టిన్ ఎక్కువగా నిమ్మజాతి పండ్ల తొక్కనుంచీ, రసం పిండిన యాపిల్ పిప్పినుంచీ తీస్తారు. ఎండిన మామిడి తొక్కలోనూ పది శాతం పైనే దొరుకుతుంది. తాజా తొక్కను ముందు వేడినీటిలో ముంచి ఎంజైముల పని ఆపి, పుల్లటి నీటిలో ఉడికించి, గుడ్డలో వడగట్టి, ఆ జిగురు నీటికి ఆల్కహాల్ కలిపాను. తెల్లటి తీగలు తీగలుగా పెక్టిన్ పైకి తేలింది. దాన్ని ఆరబెట్టి పొడి చేసి, మా ఇంట్లో జామపండు రసంతో జామ్ కట్టి చూపించాను. చక్కగా గడ్డకట్టింది.

ఆ విజయం నన్ను ఇంకా చెడగొట్టింది. సీసాలో అయిన పని పీపాలో ఎంతకు అవుతుందో లెక్క వేయకుండా మా మేనల్లుడితో పెట్టుబడి మాట మాట్లాడాను. 150 కిలోల పచ్చి తొక్క ఎండితే 30 కిలోలు. దాన్ని ఉడికించడానికి ఇరవై రెట్లకు తక్కువ కాకుండా నీళ్లు. ఆ వందల లీటర్ల జిగురు నీటికి కనీసం అంతే ఆల్కహాల్. వచ్చే పెక్టిన్ నాలుగు కిలోల చిల్లర. వాడిన ఆల్కహాల్‌ను మళ్లీ బట్టీ పెట్టి పట్టుకోకపోతే మొదటి రోజే దివాళా. అంత స్పిరిట్ నిల్వ పెట్టాలంటే ఎక్సైజ్ లైసెన్సు, నిప్పు భద్రత. అన్నీ చేసినా, ఉడికిన తొక్క అలాగే మిగులుతుంది, ఈసారి ఆమ్లంతో కలిసి. వ్యర్థాన్ని లేకుండా చేస్తానని బయలుదేరి ఇంకో రకం వ్యర్థాన్ని తయారు చేసే పథకం వేశాను.

ఇంతలో గుట్ట దగ్గరికి రోజూ వచ్చే ఒక పెద్దాయన మా మేనల్లుడి ద్వారా నన్ను కలిశాడు. నాలుగు ఆవులు పెట్టుకుని పాల కేంద్రానికి పాలు పోసే మనిషి. సీజన్‌లో ఫ్యాక్టరీ దగ్గరి పల్లెల పశువులకు తాజా తొక్క వాడుక మేత. నా ప్రయోగాల కోసం మొదటి షిఫ్టు తొక్క మొత్తం నేను పక్కన పెట్టించేసరికి వాళ్లకు పులిసినదే మిగిలింది. “మీరు తీసకపోయేది మా ఆవులు తినే మేత సార్. ఒక మాట అడిగింటే బాగుండు,” అన్నాడాయన. ఎవరికీ అక్కర్లేనిదని నేను అనుకున్న దానికి అప్పటికే యజమానులున్నారు. వాళ్లు కాగితం మీద లేరు, అంతే.

ఆయన దగ్గర కూర్చుని విన్నది నాకు చాలా పనికొచ్చింది. తొక్క ఒక్కటే కడుపు నిండా పెడితే ఆవుకు జీర్ణం చెడుతుంది. తీపి ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. అందుకని ఆయన వేరుశనగ కట్టె, ఎండుగడ్డి కలిపి పెడతాడు. మామిడి తొక్కను ఎండుగడ్డితోనూ పప్పుజాతి మొక్కల కట్టెతోనూ కలిపి గాలి చొరకుండా పాతర వేస్తే నిల్వ ఉండే మేత అవుతుందని పశుపోషణ పుస్తకాల్లో ఉంది. పాతరకు కావలసిన చక్కెర తొక్కలో ఉంది, తొక్కలో ఎక్కువైన నీటిని ఎండుగడ్డి పీల్చుకుంటుంది, తక్కువైన మాంసకృత్తులు కొంత కట్టె ఇస్తుంది. ఆల్కహాల్ అక్కర్లేదు, బాయిలర్ అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. ఈ దారి నా కళ్ల ముందే ఉండగా చాక్లెట్ దాకా, జామ్ సీసా దాకా పోయాను.

నారింజ రసం పరిశ్రమ ఈ తడి సమస్యను ఎప్పుడో ఎదుర్కొంది. ఫ్లోరిడాలో, బ్రెజిల్‌లో రసం తీసిన తొక్కను తరిగి, సున్నం కలుపుతారు. సున్నం తగలగానే తొక్కలోని పెక్టిన్ నీటిని పట్టి ఉంచలేకపోతుంది. అప్పుడు ప్రెస్సులో పిండితే నీరు చాలావరకు దిగిపోతుంది. మిగిలిన దాన్ని ఆరబెట్టి గుళికలు చేసి పశువుల దాణాగా అమ్ముతారు. అదంతా రసం తీసిన ఫ్యాక్టరీ ఆవరణలోనే జరుగుతుంది. నేను గుట్ట దగ్గర నిలబడి ఏం చేయాలా అని ఆలోచించాను. చేయాల్సిందంతా గుట్టకు ముందు, బెల్టు మీద, ఆ షిఫ్టు ముగిసేలోపే ఉంది.

గోబర్ గ్యాస్ సంగతీ ఆలోచించాం. తొక్క ఒక్కటే వేస్తే తొట్టి పులిసి, గ్యాస్ పుట్టించే సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, పేడ కలపాలి. మామిడి ఉండేది రెండు మూడు నెలలు. మిగతా ఏడాది తొట్టికి మేత కావాలి. జామ, టమోటా కూడా ఆడే ఫ్యాక్టరీలకు అది సాధ్యం. మామిడి ఒక్కటే ఆడేవాళ్లకు కాదు.

ఈ ఏడు సీజన్‌కు ముందు మా మేనల్లుడు యజమానితో మాట్లాడి ఒక్క మార్పు ఒప్పించాడు. తొక్కకు ఒక బెల్టు, టెంకకు ఒక బెల్టు. తొక్క మీద మొదటి హక్కు పశువులున్నవాళ్లది. పెద్దాయన, ఆయన పల్లెవాళ్లు వేరుశనగ కట్టెతో పాతర వేస్తారు. వేసే విధానం పశువైద్యుణ్ని అడిగి రాసుకున్నాం. టెంక జూన్ మధ్యదాకానే జీడి కోసం ఒలుస్తారు, అదీ సిమెంటు కళ్లం మీద ఏ రోజుది ఆ రోజు ఆరబోసి. ముసురు పట్టాక వచ్చే టెంక ఎండినంత ఎండి, బాయిలర్‌లో కట్టెలకు తోడుగా పోతుంది. దాన్ని ఎవరూ ఒలవరు. ఎండిన జీడిని ఇంకో రెండు ఫ్యాక్టరీల సరుకుతో కలిపి, లారీ నిండితేనే మిల్లుకు పంపుతాం, లేకపోతే పంపం.

సంఘం అప్పులో అసలు నేను కట్టేశాను. వడ్డీ కూడా నాదేనని రాసిచ్చాను, నెలనెలా కడుతున్నాను. ఆ రోజు ప్రశ్న అడిగినామె ఇప్పుడు తూకం చూస్తుంది. పచ్చి బరువు ఒక గడిలో, ఎండు బరువు ఒక గడిలో ఆమే రాస్తుంది. ఒలిచేవాళ్లకు చేతి తొడుగులు, రోజు కూలి. జీడి అమ్ముడుపోయినా పోకపోయినా కూలి ఏ రోజుది ఆ రోజు సాయంత్రమే ఇస్తున్నాం.